తెల్లచొక్కా అంటే ఏ తెలుపండీ

ఆ రోజుల్లో ఉత్తరం రాస్తే జవాబు వచ్చేది. కోపంగా రాస్తే కోపంగా వచ్చేది, మర్యాదగా రాస్తే మర్యాదగా వచ్చేది. అసలు రాయకపోయినా క్షేమసమాచారాలు అడుగుతూ ఎవరో ఒకరు ఓ కార్డు ముక్క పడేసేవారు. ఇప్పుడా మర్యాద పోయింది. రోజూ సాయంత్రం ఒక సీరియల్ వేస్తున్న టీవీవారికి నేను నిరుటి వానాకాలం నుంచీ రాస్తూనే ఉన్నాను. కాగితం మీద రాశాను. మా అమ్మాయి చేత ఈమెయిల్ కొట్టించాను. ఫోను చేస్తే ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా, తెలుగు కావాలంటే ఒకటి నొక్కమంది. నొక్కాను. పాట పెట్టి వెళ్ళిపోయింది. (పాట బాగానే ఉంది. నేను చేసింది పాట కోసం కాదు.) ఇంతవరకూ ఒక్కరూ పలకలేదు. అందుకని ఈ సంగతి మీతో చెప్పుకుంటున్నాను. మీరైనా చివరిదాకా వింటారని ఆశ.

నా ఫిర్యాదు చాలా చిన్నది. ఆ సీరియల్ కథ నా చిన్నప్పటి రోజుల్లో కొల్లేటి ఒడ్డున జరిగినట్టు చూపిస్తున్నారు. తాటిదోనె చూపించారు, సంతోషం. కిరసనాయిలు బుడ్డి చూపించారు, మరీ సంతోషం. ఆ తరవాత దోనెలోంచి బడికి వెళ్ళే పిల్లవాణ్ణి ఒకణ్ణి దింపారు. వాడి ఒంటి మీద పాలనురగలాంటి తెల్లచొక్కా, మెడలో చారల టై, నడుముకి మెరిసే బెల్టు, నీలం ఫుల్ ప్యాంటు, నల్లబూట్లు. వాడు ఆ బూట్లతోనే బురదలోకి దిగి గట్టెక్కాడు. బూట్లకి బురద అంటలేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "కథ చూడండి బావా, చొక్కాలతో మీకేం పని," అంది మా ఆవిడ. (మేనమామ కూతురు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తుంది, ముఖ్యంగా నా మాట తీసిపారేసేటప్పుడు.) చొక్కాలతో నాకేం పనా? తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్న పెట్టిన బట్టల కొట్టులో తాన్లు కొలిచి కొలిచి ముసలివాణ్ణయినవాణ్ణి. నాకు కాక ఎవరికండీ పని?

అప్పటి యూనిఫారం అంటే తెల్లచొక్కా, ఖాకీ లాగు. అంతే. టై అనేది కాలెండరు బొమ్మల్లో తప్ప మేం చూడలేదు. కాళ్ళకి ఉంటే హవాయి చెప్పులు, లేకపోతే దేవుడిచ్చిన తోలు. గుడ్డ మా మావయ్య కొట్టులోనే తీసేవారు. దర్జీకి మా నాన్నగారు చెప్పే మాట ఒక్కటే, "పెరిగే పిల్లాడండీ." దాంతో దర్జీ నన్ను కొలవడం మానేసి, ముందు ముందు నేను కాబోయే మనిషిని ఊహించి కుట్టేవాడు. లాగు అడుగున గుడ్డ లోపలికి మడిచి దాచేవాడు. ఏడాది తిరిగి నేను పొడుగైతే ఆ మడత విప్పేవారు. అప్పుడు వెలిసిపోయిన లాగుకి అడుగున కొత్త ఖాకీ పట్టీ ఒకటి, చీర అంచులాగా, నిగనిగలాడుతూ బయటపడేది. ఎవడు ఎంత పెరిగాడో ఆ పట్టీ చూసి చెప్పేయవచ్చు. టీవీలో ఒక్క పిల్లవాడి లాగుకైనా ఆ పట్టీ ఉందా? వాళ్ళకి అసలు లాగులే లేవు.

అయితే నా అసలు పేచీ లాగు దగ్గర కాదు, చొక్కా దగ్గర. తెల్లచొక్కా అన్నారు, సరే. ఏ తెలుపు? మా నాన్నగారికి కొల్లేటి లంకలో ఒక ఊళ్ళో చిల్లర కొట్టు ఉండేది. తాగినా, వండినా, ఉతికినా కొల్లేటి నీళ్ళే. ఆ నీళ్ళలో ఉతగ్గా ఉతగ్గా తెల్లబట్టకి ఒక రంగు పడుతుంది. ఎరుపు కాదు, పసుపు కాదు, లేత మట్టి కలిసిన వెన్నెల లాంటిది. దాన్ని నీరుకావి అంటారు. మా తాతగారు నీరుకావి పంచె కట్టుకుని అరుగు మీద కూచుంటే దారినపోయేవాళ్ళు చెప్పులు విడిచి మాట్లాడేవారు. ఆ రంగు పెద్దల పంచె మీద ఉంటే పెద్దరికం. అదే రంగు బడిపిల్లాడి చొక్కా మీద ఉంటే మురికి. ఈ న్యాయం ఎవరు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ దీని దెబ్బ నేను తిన్నాను.

ఎనిమిదో తరగతికి నన్ను ఏలూరు హైస్కూల్లో వేశారు. (స్కూలు పేరు చెప్పను. వాళ్ళకి నేనంటే గిట్టకపోయినా నాకు మర్యాద ఉంది.) పొద్దున్నే దోనె ఎక్కి పెదపాడు వైపు గట్టు చేరి, అక్కడ బస్సు పట్టుకుని వెళ్ళేవాళ్ళం, నేనూ, మా ఊరి జాలరి కుటుంబం అబ్బాయి ఒకడూ. సన్నగా, జారిపోతున్నట్టుండే వాణ్ణి మేం జెల్ల అనేవాళ్ళం. కొల్లేట్లో మీసాల జెల్ల చేపని చూసినవాళ్ళకి ఆ పేరు ఎందుకో చెప్పనక్కర్లేదు. క్లాసులో మా ఇద్దరి చొక్కాలే నీరుకావి. మిగతావాళ్ళవి పంపు నీళ్ళలో ఉతికి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసిన చొక్కాలు. అందులో ఒకడుండేవాడు, వాడి చొక్కా వైపు ఎండలో చూస్తే కళ్ళు చెదిరేవి. వాణ్ణి మేం మల్లెపువ్వు అనేవాళ్ళం. చొక్కా నలుగుతుందని మల్లెపువ్వు బెంచీకి చేరగిలబడేవాడు కాదు.

ఆ ఏడు జనవరి ఇరవయ్యారుకి పిల్లలందరి చేతా కవాతు చేయిస్తామన్నారు. ముందు నిలబడి ఆర్డర్లు అరవడానికి ఒకడు కావాలి. డ్రిల్లు మాస్టారు అందరి చేతా అరిపించి చూసి నన్ను పట్టుకున్నారు. నా గొంతు గొప్పతనం నాది కాదు. అవతలి గట్టున ఉన్న దోనెవాడిని పిలవాలంటే మా ఊళ్ళో పసిపిల్లవాడైనా నీళ్ళ మీదుగా కేక వేయాల్సిందే. "ఓ... దోనే..." అని సాగదీసి వేస్తే ఆ కేక నీళ్ళని రాసుకుంటూ వెళ్ళి అవతల దిగేది. ఆ కేకనే నేను "స్కూల్... హాల్ట్" అని మార్చాను. మాస్టారు చెవులు మూసుకుని, "నువ్వే రా," అన్నారు. అప్పటిదాకా ఆ స్కూల్లో నన్ను ఎవరూ దేనికీ నువ్వే అనలేదు. ఆ రోజు దోనెలో ఇంటికి వెళుతూ కొంగలకి కూడా ఆర్డర్లు ఇచ్చాను. అవి వినలేదు. అయినా నాకేం బాధనిపించలేదు.

జెండా పండగ ఇంకా దగ్గరపడ్డాక మాస్టారు నన్ను పరకాయించి చూశారు. "ఏరా, ఈ టీనీళ్ళ చొక్కాతోనే నిలబడతావా ముందు? తెల్లచొక్కా తొడుక్కురా. లేకపోతే వాడు అరుస్తాడు," అని మల్లెపువ్వుని చూపించారు. నేను ఇంటికి వెళ్ళి మా అమ్మతో ఆ మాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆవిడకి అర్థమైంది చొక్కా సంగతి కాదు, తన ఉతుకుని ఎవరో వేలెత్తి చూపించారని. "టీనీళ్ళన్నారా?" అని అడిగింది. అన్నారన్నాను. "ఎవరి ముందు అన్నారు?" అందరి ముందూ అని చెప్పాను. మా అమ్మ తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. (మాటలు మర్చిపోకుండా దాచుకునే విద్య నాకు ఆవిడ దగ్గర నుంచే వచ్చిందని మా ఆవిడ అంటుంది. నిజమే. మేనత్త కాబట్టి మా ఆవిడకీ తెలుసు.)

ఇరవై అయిదో తేదీ పొద్దున్నే మా అమ్మ కొట్లోకి వెళ్ళి, నీలిమందు డబ్బా దింపింది. ఎంత వేయాలని ఎవరినీ అడగలేదు. చిటికెడు నీలిమందు ఏలూరు చొక్కాకి సరిపోతే, కొల్లేటి చొక్కాకి గుప్పెడు కావాలన్నది ఆవిడ లెక్క. లెక్కలో తప్పులేదు, ఆ బకెట్టుకి మాత్రం ఆ లెక్క తెలియదు. పైగా పని సగం సగం చేసే మనిషి కాదు కనక, ఉన్న రెండు చొక్కాలూ కలిపి ముంచింది. మా నాన్నగారు కొట్లోంచి తొంగి చూసి, "ఏమేవ్, కాస్త ఎక్కువైందేమో," అన్నారు. "ఆరితే తెల్లబడుతుందండీ," అంది మా అమ్మ. ఆరింది. తెల్లబడలేదు. సాయంత్రం దండెం మీద నుంచి తీసి చూస్తే చొక్కాలు రెండూ గుర్రపుడెక్క పువ్వు రంగులోకి తిరిగాయి. కొల్లేటినిండా తేలుతూ ఉంటుందే, లేత ఊదా కలిసిన నీలం, అచ్చంగా అదే. మా అమ్మ వాటిని వెలుగుకి పట్టి చాలాసేపు చూసి, "నీరుకావి అయితే పోయింది కదా," అంది.

మర్నాడు దోనెలో నన్ను చూసి జెల్ల గడ వేయడం ఆపేశాడు. వాడు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఎంతో బాధ్యతగా, "ఒరేయ్, నువ్వు మటుకు ఇవాళ నీళ్ళలో పడకు. డెక్కపువ్వనుకుని ఎవడూ తీయడు," అన్నాడు. బస్సులో ఒక ముసలమ్మ నా వంక చూసి, ఏ బళ్ళో చదువుతున్నావు నాయనా, కొత్త బడా అని అడిగింది.

గ్రౌండులో స్కూలంతా తెల్లగా, కొంగలు వాలిన గట్టులా నిలబడి ఉంది. మధ్యలోంచి నేను నీలంగా నడుచుకుంటూ వెళ్ళాను. డ్రిల్లు మాస్టారి నోట్లోంచి విజిలు జారి గుండె మీద పడింది. "తెల్లచొక్కా వేసుకురమ్మంటే ఇదేంట్రా?" అన్నారు. "తెల్లదేనండి. మా అమ్మ తెలుపు చేసిందండి," అన్నాను. ఆ మాటకి మొదటి వరస మొత్తం నవ్వింది. వెనక వరసలకి వినబడక, ఏంట్రా అని అడిగి తెలుసుకుని, తీరుబాటుగా నవ్వాయి. మాస్టారు నన్ను నీళ్ళ ట్యాంకు వెనక నిలబడమన్నారు. జెండా ఎగరేయడానికి వచ్చే పెద్దాయన కంట పడకూడదన్నారు. అప్పుడే ఆ పెద్దాయన రిక్షా దిగారు. ఏం కట్టుకుని దిగారనుకున్నారు? నీరుకావి పంచె. మా తాతగారి పంచె కన్నా ముదురు రంగుది. ఏ రంగుని నా చొక్కా మీద టీనీళ్ళన్నారో ఆ రంగుకే మాస్టారు కాలు నేలకేసి కొట్టి సెల్యూట్ చేశారు. నేను ట్యాంకు వెనక నుంచి అంతా చూశాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

మైకు పొద్దుటినుంచీ మౌనవ్రతంలో ఉంది. మైకుసెట్టు అతను దాని వీపు ఎన్నిసార్లు చరిచినా అది కీచుమనైనా అనలేదు. మల్లెపువ్వు ముందు నిలబడి ఆర్డర్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. వాడి గొంతు కూడా ఇస్త్రీ చేసినట్టే ఉండేది, ఎక్కడా మడత లేకుండా, పల్చగా. ముందు నాలుగు వరసలకి వినబడింది. వెనకవాళ్ళు పెదవుల కదలిక చూసి ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. లెఫ్ట్ టర్న్ అన్నాడో, రైట్ టర్న్ అన్నాడో, స్కూలు నిలువునా రెండుగా చీలింది. ఒక సగం జెండా వైపు, రెండో సగం గేటు వైపు ఎంతో క్రమశిక్షణగా నడిచిపోతున్నాయి. గేటు బయట రోడ్డు, రోడ్డుకి అవతల కాలవ. రెండో సగానికి ముందు నడుస్తున్నవాడు మా జెల్ల. వాడికి ఈత వచ్చు, వెనకవాళ్ళకి రాదు. మాస్టారు విజిలు కోసం గుండెలు తడుముకుంటున్నారు.

ట్యాంకు వెనక నిలబడి నేను అనుకున్నది ఒక్కటే. నువ్వే రా అన్నారు కదా. అంతే, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి, నీళ్ళ మీదుగా వేసినట్టే వేశాను. "స్కూ...ల్, హాల్ట్." గేటు దాటబోతున్న జెల్ల ఆగాడు. వాడి వెనక వరసలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగాయి. జెండా వైపు వెళుతున్న సగమూ ఆగింది. రోడ్డు మీద పోతున్న రిక్షా ఆగింది. తాడు పట్టుకోబోతున్న పెద్దాయన కూడా చెయ్యి గాల్లోనే ఉంచి ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో ఆయన అడిగారు, "భలే గొంతండీ. ఎవరిది మాస్టారూ?" నేను ట్యాంకు వెనక చొక్కా సర్దుకున్నాను. గుండీలు కూడా పెట్టుకున్నాను. డ్రిల్లు మాస్టారు ఒకసారి ట్యాంకు వైపు, ఒకసారి ఆయన వైపు చూసి అన్నారు, "మైకండి. బాగుపడినట్టుందండి."

పొద్దుటినుంచీ నోరు విప్పని మైకుకి దక్కింది నా గొంతు. మైకుసెట్టు అతను కూడా కాదనలేదు. పైగా దాన్ని ఆప్యాయంగా నిమిరాడు. ఆ తరవాత జెండా ఎగిరింది, బిళ్ళలు పంచారు, అందరికీ కలిపి ఫొటో తీశారు. అందులో నేను లేను. మర్నాడు ఆ నీలం చొక్కాతోనే మాస్టారి దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, అది మైకు కాదండి. నేనండి," అన్నాను. ఆయన నా మొహం చూశారు, చొక్కా చూశారు, ఈసారి విజిలు దొరికింది కనక దాన్ని ఊదుకుంటూ వెళ్ళిపోయారు. జవాబు చెప్పలేదు. ఇంటి దగ్గర సంగతంతా మా అమ్మకి జెల్లే చెప్పాడు, మీ అబ్బాయి కేకకి పెద్దాయన కూడా ఆగిపోయారండీ అని. మా అమ్మ మొహం విప్పారింది. మరి ఎవరబ్బాయని అడిగారా అంది. మైకనుకున్నారన్నాడు వాడు. మా అమ్మ, "పోనీలేరా నాన్నా. వాళ్ళకి రంగూ తెలీదు, గొంతూ తెలీదు," అని అన్నం పెట్టింది. ఆ చొక్కాలు ఎండాకాలం దాకా అలాగే తొడుక్కున్నాను. ఉతికినప్పుడల్లా నీలం కొంచెం పోయి, బూడిదరంగై, పరీక్షలు వచ్చేసరికి మళ్ళీ నీరుకావిలోకి తిరిగాయి. కొల్లేరు తన రంగు తాను తిరిగి పెట్టుకుంది.

ఇదంతా నేను టీవీవారికి విపులంగా రాశాను. నీరుకావి అంటే ఏమిటో, లాగు పట్టీ ఎక్కడ ఉండాలో, నా నీలం చొక్కా కథ ఏమిటో, కావాలంటే మా కొట్లోంచి గుడ్డ పంపిస్తానని కూడా రాశాను. ఆ రంగు రావాలంటే ఏం చేయాలో మాత్రం రాయలేకపోయాను. ఆ నీళ్ళిప్పుడు లేవు. మా లంక చుట్టూ చేపల చెరువులే. అక్కడి పిల్లల చొక్కాలిప్పుడు మెషీనులో ఉతికి మల్లెపువ్వులా ఉంటున్నాయి. "టీలో ముంచితే సరిపోతుంది కదా బావా," అంది మా ఆవిడ. ఆ పూట నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆ మాట మొదట ఎవరన్నారో తెలిసి కూడా అంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మొన్న సీరియల్లో జెండా పండగ వచ్చింది. టైలు పోయాయి. బెల్టులు పోయాయి. పిల్లలందరికీ ఖాకీ లాగులు, లాగు అడుగున ముదురు పట్టీ. నేను మా ఆవిణ్ణి కేకేసి పిలిచాను. ఆవిడ వచ్చి నిలబడ్డాక కెమెరా పైకి జరిగింది. స్కూలు స్కూలంతా, మొదటి వరస నుంచి చివరి వరస దాకా, గుర్రపుడెక్క పువ్వు రంగు చొక్కాలు. ఎవరో నా ఉత్తరం చదివారు. కానీ సగమే చదివారు. "ఇప్పటికైనా తృప్తేనా?" అంది మా ఆవిడ. తృప్తి ఎలా ఉంటుందండీ? ఆ చుట్టుపక్కల నాకు తెలిసి ఆ రంగు చొక్కా తొడుక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది చరిత్రని తిరగేయడం కాదా? అని గట్టిగానే అడిగాను. అడుగుతూనే చూస్తున్నాను. ముందు నిలబడ్డ చిన్నవాడు, నీలం చొక్కావాడు, మైకు లేకుండా, నోటి దగ్గర చేతులు పెట్టి అరిచాడు. అందరూ ఆగారు. వాణ్ణి ఎవరూ ట్యాంకు వెనక్కి పంపలేదు. మా ఆవిడ నా వంక చూసి, "అత్తయ్య చూసుంటే ఎంత మురిసిపోయేదో," అంది. కళ్ళద్దాలకి దుమ్ము పట్టిందని తీసి తుడుచుకున్నాను. దుమ్ము నిజంగానే పట్టింది.

వెంటనే జెల్ల ఫోను చేశాడు. వాడికిప్పుడు చెరువులున్నాయి, మీసాలున్నాయి, పేరు మరీ సార్థకమైంది. "చూశావేంట్రా టీవీ? ఊరంతా డెక్కపూలే," అని పగలబడి నవ్వాడు. ఆనాడు నవ్వనిదంతా కలిపి నవ్వాడు. నేను ఆ నవ్వు అయ్యేదాకా ఉండి, ఎప్పుడూ అడగని మాట అడిగాను. ఆ రోజు గేటు దగ్గర నీకు వినబడింది నా గొంతేనా, మైకనుకున్నావా అని. "మైకయితే నేనెందుకాగుతాన్రా? రోజూ దోనెకి వేసే కేక కదా," అన్నాడు వాడు.

వాడి సాక్ష్యం చాలునని మా ఆవిడ అంటుంది. నాకు చాలదు. జెల్ల మావాడు. నాకు కావాల్సింది ఆఫీసు జవాబు. కనక టీవీవారూ, మీకు ఈ మారు ఎక్కువ ప్రశ్నలు వేయను. రంగు తప్పు, దిద్దుకోండి. ఆ మాట వదలను. కానీ దిద్దుకునే ముందు, మీ ఆఫీసులో నా ఉత్తరం సగమైనా చదివిన ఆ మనిషి ఎవరో, ఆడవారో మగవారో, నాకు ఒక్క ముక్క రాయించండి. పేరు పెట్టకపోయినా సరే. "అయ్యా, అది మైకు కాదు, మీరే" అని రాస్తే చాలు. మీ ఇష్టం వచ్చిన రంగు కాగితం మీదైనా రాయండి.